పళ్లెం చప్పుడుకు బిగుసుకున్న బిడ్డ

పిల్లల నరాల జబ్బుల వైద్యంలోకి కొత్తగా వచ్చేవాళ్లు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. స్కానింగులు లేని రోజుల్లో ఎట్లా నెట్టుకొచ్చారు సార్ అని అడుగుతారు. నేను మొదలుపెడతాను. సగంలో ఉండగా వాళ్లకు బస్సు టైమవుతుంది. అందుకే రాసి పెడుతున్నాను. కాగితం మీద నన్ను ఆపడం కష్టం.

ఎద్దు ఏ వైపు నుంచి వచ్చింది?

డాక్టరీ సీటు రాకముందు నేను ఒక దినపత్రికలో విలేకరిగా పనిచేశాను. అక్కడ ఒక సబ్‌ ఎడిటర్ ఉండేవాడు. నేను ఎంతో కష్టపడి ‘ఎద్దు అడ్డొచ్చి ఘోర ప్రమాదం, బండి బోల్తా’ అని రాసుకొస్తే, ముందు ‘ఘోర’ కొట్టేసేవాడు. తర్వాత తలెత్తకుండానే, “ఎద్దు ఏ వైపు నుంచి వచ్చింది?” అని అడిగేవాడు. తెలియదంటే మళ్లీ ఎండలోకి పంపించేవాడు. ఆ మనిషిని నేను తిట్టుకోని రోజు లేదు. తర్వాత మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్లు నాకు చాలా నేర్పారు. ఆ ఎద్దు ప్రశ్న మాత్రం ఒక్కరూ వెయ్యలేదు.

ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తల్లో నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరాను. పసిబిడ్డకు ఒళ్లు లాగినా, బిగిసినా, వణికినా, కళ్లు తేలేసినా అక్కడి జనం చెప్పేవి రెండే మాటలు. చదువుకున్నవాళ్లయితే ‘ఫిట్సు’ అనేవాళ్లు, చదువుకోనివాళ్లయితే ‘పక్షి దోషం’ అనేవాళ్లు. రెండింటిలోనూ సమాచారం సమానమే, అంటే ఏమీ లేదు.

కాబట్టి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఏం జరిగిందో చెప్పొద్దు, చేసి చూపించండి అనేవాణ్ణి.

మీరూ ఇదే చెయ్యండి. బిడ్డ తాలూకు జనం మొదట సిగ్గుపడతారు. ఒకరు మొదలుపెట్టాక ఇక ఆపలేరు. ఒకసారి పులివెందుల నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఏడాదిన్నర పిల్లవాడు. వాళ్లమ్మ నేల మీద పడుకుని కాళ్లు తన్నింది. “అట్ల కాదులేమ్మే, వాడు ఎనక్కి ఇరుసుకున్యాడు” అని మేనమామ పక్కనే పడుకుని వెనక్కి వంగాడు. పంటి నొప్పికి వచ్చి వరండాలో కూర్చున్న ముసలాయన ఒకడు వీళ్లిద్దరి నటన నచ్చక, చెంప పట్టుకునే లోపలికి వచ్చాడు. తన చెల్లెలి కొడుక్కి వచ్చినప్పుడు ఎట్లా ఉండేదో తాను చేసి చూపించాడు.

నేను అడిగాను. “ఇదంతా మొదలయ్యే ముందు ఏం జరిగింది?”

“ఏమీ జరగల్యా సార్.”

“ఏమీ జరగకముందు?”

“బెల్లం అడిగినాడు. ఇయ్యల్యా.”

“అంతకుముందు వచ్చినప్పుడు?”

వాళ్లమ్మ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. “అబుడూ బెల్లమే.”

ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టుకుని నల్లబడే పిల్లలుంటారు. అది మూర్ఛ కాదు. మందు అక్కర్లేదు. పెరిగాక పోతుంది. ఆ మాట చెబితే వాళ్ల ముఖాలు వాడిపోయాయి. అంత దూరం వచ్చింది మందు లేకుండా పోవడానికా? కంపౌండరు చేత సీసాలో రంగు నీళ్లు పోయించి పంపించాను. ఆ నీళ్లు బ్రహ్మాండంగా పనిచేశాయని తర్వాత కబురొచ్చింది.

గుమ్మంలోనే రోగం చెప్పే పెద్ద డాక్టరు

మా ఆస్పత్రి యజమానిని అందరూ పెద్ద డాక్టరు అనేవాళ్లు. మంచి చెయ్యి. విరిగిన ఎముకను ఆయన కట్టినట్టు కట్టినవాణ్ణి మళ్లీ చూడలేదు. ఒకటే లోపం. రోగి గుమ్మం దాటకముందే రోగం పేరు చెప్పేసేవాడు. రోగి లోపలికి వచ్చాక ఇక చూసేదేముంది? పేరు ఒకసారి పైకి అన్నాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు. మీలో ఇటువంటివాళ్లు తయారవుతారు, నాకు తెలుసు. తెలివైనవాళ్లే అట్లా అవుతారు. ఆ తెలివితోనే వస్తుంది చిక్కు.

ఒక పొద్దున జమ్మలమడుగు అవతలి ఊరి నుంచి ఒక జీపు వచ్చి ఆస్పత్రి ముందు ఆగింది. ఆ ఊరి రెడ్డి ముందు సీట్లోంచి దిగాడు. ఊరి పేరు, ఆయన పేరు రాయను. రెడ్డి అనే పిలుస్తాను. ఆరడుగుల మనిషి, తెల్లటి తలపాగా, చేతిలో గట్టి కర్ర. వెనక ఆయన అక్క దిగింది, అందరూ పెద్దమ్మ అంటారు. తెల్లకోక, ముక్కుకు పెద్ద పుడక. ఆ ఇంటికి వైస్రాయి ఆమే. చివర కోడలు దిగింది. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పులివెందుల పిల్ల. చేతిలో రెండు నెలల మగబిడ్డ. బిడ్డ తండ్రి, అంటే రెడ్డి కొడుకు, కోర్టు పని మీద కడపలో ఉన్నాడు.

చిన్న చప్పుడుకు కూడా బిడ్డ ఉలిక్కిపడతాడు. పిడికిళ్లు బిగుసుకుంటాయి, ఒళ్లంతా కొయ్యలాగా అవుతుంది, ఊపిరి ఆగి పెదాలు నీలమవుతాయి. కాసేపటికి దానంతటదే వదులుతుంది. ఈ మధ్య ఆ కాసేపు పెరుగుతూ వస్తోంది. ఏదో ఒక రోజు వదలదు. అందరికీ ఉన్న భయం అదే.

పెద్ద డాక్టరు గుమ్మంలోనే చెప్పేశాడు. “ధనుర్వాతం.”

ధనుర్వాతం పట్టిన పసిబిడ్డ పాలు తాగలేడు, దవడ బిగిసిపోతుంది. ఈ బిడ్డ తల్లి దగ్గర గటగటా తాగుతున్నాడు. నిద్రపోయినప్పుడు చెయ్యి ఎత్తి వదిలితే మెత్తగా పడుతోంది. ఆ సంగతి నెమ్మదిగా చెప్పాను. పెద్ద డాక్టరు కళ్లద్దాలు తుడుచుకుని, “అయితే తేలికపాటి ధనుర్వాతం” అన్నాడు.

పళ్లెం

కోడలిని పక్కకు పిలిచి అడిగాను. బిడ్డకు ఎప్పుడెప్పుడు వస్తోంది?

ఆ పిల్ల తల దించుకునే చెప్పింది. “పొద్దన ఒకసారి, మాపట్యాల ఒకసారి కచ్చితంగా వస్తాది సార్. పళ్లెం కొట్టినబుడు.”

“ఏం పళ్లెం?”

“ఇత్తడి పళ్లెం సార్. వాని సెవి కాడ పెట్టి తెడ్డుతో కొడ్తారు. బెదురు పోవల్లని.”

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె ఏమాత్రం తగ్గలేదు. “సప్పుడుకు బెదిరేవాడు రేపు రెడ్డెట్ల అయితాడప్పా? ఇప్పట్నుంచే అలవాటు సెయ్యల్ల. ఇదంతా సప్పుడుతో వచ్చింది కాదులే. దాని పాలల్లో ఉండాది ఇసం. వాళ్ల నాయనకు కబురు పంపిచ్చినాం. రేపొచ్చి కూతుర్ని పులివెందులకు తోలకపోతాడు. బిడ్డ మా ఇంటి బిడ్డ, మా కాడ్నే ఉంటాడు. బర్రెపాలు పోసి సాక్కుంటాం.”

కోడలు బిడ్డను ఇంకొంచెం దగ్గరికి హత్తుకుంది. ఎండాకాలం మధ్యలో రెండు నెలల బిడ్డకు, అదీ ఇట్లాంటి బిడ్డకు, తల్లిపాలు మాన్పించి బర్రెపాలు పొయ్యడమంటే ఏమిటో ఆ రోజుల్లో వైద్యం చేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పాలు మారకముందే రోగం తేల్చాలి. నాకున్నది ఒక్క రోజు.

ముందు ఒంట్లో కాల్షియం తగ్గిందేమో చూద్దామనుకున్నాను. తగ్గితే చెంప మీద వేలితో తట్టినప్పుడు ముఖం ఒకవైపు లాగుతుంది. వేలు పెట్టబోయేసరికి బిడ్డ తల తిప్పాడు. నా వేలు పోయి ముక్కు కొనకు తగిలింది. తల ఎవరో వెనక నుంచి గుంజినట్టు వెనక్కి పోయింది. మళ్లీ తట్టాను. మళ్లీ పోయింది. పదిసార్లు తడితే పదిసార్లూ పోయింది. మామూలు బిడ్డయితే రెండుసార్లకు అలవాటుపడి నా వేలు నోట్లో పెట్టుకునేవాడు.

ఇట్లా ఉలికిపడి బిగుసుకునే జబ్బు ఒకటుందని, కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తుందని, దానికి హైపరెక్‌ప్లెక్సియా అని నోరు తిరగని పేరొకటి ఉందని చాలా ఏళ్ల తర్వాత ఒక వైద్య పత్రికలో చదివాను. ఆ రోజున నా దగ్గర పేరు లేదు, ఒక ముక్కు మాత్రం ఉంది. పేరు లేకపోవడమే మేలైంది. ఉంటే నేనూ గుమ్మంలోనే చెప్పేసి ఉండేవాణ్ణి.

జీపు డ్రైవరు నటన

ఇక నాటకానికి దిగాను. బిడ్డకు వచ్చేది ఎట్లా ఉంటుందో చేసి చూపించమన్నాను. పెద్దమ్మ ముఖం తిప్పుకుంది. కోడలు పెద్దవాళ్ల ముందు చెయ్యలేనంది. చివరికి జీపు డ్రైవరు ముందుకొచ్చాడు. అతనికి నాటకాల పిచ్చి ఉందని చూడగానే తెలిసింది. నేల మీద పడి, పెన్నా వరదలో కొట్టుకుపోతున్నవాడిలాగా చేతులు కాళ్లు ఊపి, కళ్లు తేలేసి, నోట్లోంచి నురగ తెప్పించడానికి శతవిధాల ప్రయత్నించాడు.

రెడ్డి అంతవరకూ గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. ఇక ఓర్చుకోలేకపోయాడు.

“లెయ్‌రా నా కొడకా! ఏందిరా ఆ ఎగురుడు? సేతులూపేది ఉండదు. బిగుసుకుంటాయి, అంతే. పిడికిట్లోంచి ఏలు రాదు. లోపల అంతా తెలుస్తాంటాది. పక్కన ఎవురేం మాట్లాడేదీ ఇనపడ్తాంటాది. ఊపిరొకటే రాదు. నరికిన మాను మాదిరి పడిపోతాడు.”

గదిలో అందరూ తలలూపారు. నేనూ ఊపాను. కాని పాత సబ్‌ ఎడిటర్ నా చెవిలో గొంతు సవరించుకున్నాడు. రెండు నెలల బిడ్డ ఎక్కడి నుంచి పడిపోతాడు? లోపల అంతా తెలుస్తోందని వాడు ఎవరితో చెప్పాడు?

అందరి ముందూ అడగలేదు. అది భయం కాదని అంటే అబద్ధమవుతుంది. బయట జీపు దగ్గర కర్రలు పట్టుకున్నవాళ్లు నలుగురున్నారు.

తలుపు వేసుకుని

సాయంత్రం రెడ్డిని నా గదిలోకి పిలిచాను. కుర్చీ చూపించాను. ఆయన దాన్ని లాగి, వీపు గోడకు తగిలేట్టు వేసుకుని కూర్చున్నాడు.

“బిడ్డకు లోపల అంతా తెలుస్తోందని మీకెవరు చెప్పారు రెడ్డిగారూ?”

“ఎవురో సెప్పింటారు.”

“బిడ్డే చెప్పాడా?”

“ఏందప్పా, ఎగతాళిగా ఉండాదా?”

“పడిపోతాడన్నారు. వాడింకా బోర్లా పడటమే నేర్చుకోలేదు.”

ఆయన తలుపు వైపు చూశాడు. “తలుపెయ్” అన్నాడు.

వేశాను. మెల్లగా వేశాను. ఆ మెల్లగా వెయ్యడం ఆయన గమనించాడు. అక్కడితో దాపరికం సగం పోయింది.

“సిన్నప్పట్నుంచి ఇంతే. ఎనక నుంచి ఎవురన్నా గెట్టిగా పిలిస్తే సాలు, కొయ్యబారిపోతా. అందుకే గోడకానుకొని కూసుంటా. అందుకే కర్ర. మేళాలు, టపాకాయలు ఉంటాయని ఎవురి పెండ్లికీ పోను. రెడ్డికి పొగరనుకుంటాండారు ఊర్లల్లో. అనుకోనీ. పొగరు మేలు.”

“పళ్లెం కొట్టమన్నది మీరేనా?”

“మా నాయన నాకట్లనే కొట్టిచ్చినాడు. పొద్దనా, మాపట్యాలా.”

“తగ్గిందా?”

“తగ్గల్యా.” కర్ర తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. “దాసిపెట్టేది నేర్సుకున్యా.”

నేను అడిగాను. “చిన్నప్పుడు ఊపిరి ఆగినప్పుడు ఎట్లా బతికారు?”

“మా అక్క మడిసేది. తలకాయి, కాళ్లు దగ్గరికి తెచ్చి, కోక మడిసినట్ల మడిసేది. ఊపిరొచ్చేది.”

“మరి బిడ్డను ఎందుకు మడవడం లేదామె?”

“నేనే వద్దన్న్యా. సూసినోళ్లు అడగరా, నీకెట్ల తెలుసని?”

ఇది కుటుంబంలో వస్తున్న జబ్బని, పాలకూ దీనికీ సంబంధం లేదని, కోడలిని పంపిస్తే బిడ్డ దక్కడం కష్టమని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన లేచాడు. “రేపు ఆయమ్మ నాయన వస్తాడు. మా వియ్యంకుడు. వాని ముందర నేను బెదురుగొడ్డునని తెలిస్తే ఇంగేముండాది? ఈ మాట నీ నోట్లోంచి బయటికి వచ్చిందంటే డాక్టరప్పా...” అని అక్కడే వదిలేశాడు. మా వైపు అటువంటి వాక్యాలు ఎవరూ పూర్తిచెయ్యరు.

నా నోట్లోంచి రాదని మాట ఇచ్చాను. ఇటువంటి మాట ఇచ్చేటప్పుడు జాగ్రత్తగా ఇవ్వండి. నేను బిడ్డను మడవనని మాట ఇవ్వలేదు.

ఆ సాయంత్రమే వీధిలో ఎవరో తగరపు డబ్బా పడేశారు. బిడ్డ బిగుసుకుపోయాడు. తలనూ కాళ్లనూ పొట్ట వైపుకు మడిచాను. ఒళ్లు వదులైంది, ఊపిరి వచ్చింది, వెంటనే ఏడుపు. ఎట్లా మడవాలో కోడలికి చూపించాను. ఆ పిల్ల ఒక్కసారికే పట్టుకుంది. పెద్దమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి, తన ఇంట్లోని వస్తువేదో నా చేతిలో చూసినట్టు చూసింది. నాకు లెక్క అర్థమైంది. మడవడం నేర్చుకున్న పిల్ల రేపు పులివెందులకు పోతుంది. ముందు నుంచీ తెలిసిన ఆమె తమ్ముడి పరువు కోసం చెయ్యదు.

నరాలను శాంతపరిచే ఫినోబార్బిటోన్ మందు చిన్న మోతాదులో మొదలుపెట్టాను. పళ్లెం ఆస్పత్రిలోకి రాకూడదని చెప్పాను. అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు. చదువులో చెప్పరుగానీ, ఈ వృత్తిలో రోగం తెలిశాక కూడా చేతులు కట్టుకుని కూర్చోవలసిన రాత్రులు చాలా ఉంటాయి.

వియ్యంకులు

పొద్దున్నే పులివెందుల నుంచి కోడలి తండ్రి వచ్చాడు. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆ గొంతు వినపడగానే రెడ్డి నాలుగడుగులు వెనక్కి వేసి గోడ పట్టుకోవడం చూశాను. ఇప్పుడు తెలుసు కాబట్టి కనపడింది. అంతకుముందైతే అదీ పొగరే అనుకునేవాణ్ణి.

“ఏంది బావా, నా కూతురి పాలు ఇసమంట?” అన్నాడు వియ్యంకుడు వరండాలోనే.

పెద్దమ్మ అందుకుంది. “మా వంశంలో ఇట్లాంటిది యాడా ల్యా. మీ ఇంటి నుంచి వచ్చిందే.”

“మా ఇంట్లో బెదిరేవాళ్లు ఎవురూ ల్యారమ్మా. నేనే బెదిరిస్తా అందర్నీ.”

“సూస్తాండాంలే ఆ గొంతు. తోలకపో నీ కూతుర్ని.”

“పోతా. బిడ్డను గూడా తోలకపోతా.”

“బిడ్డ మీద సెయ్యి ఏసి సూడు!”

పెద్ద డాక్టరు బయటకు వచ్చి, “ఇది తేలికపాటి ధనుర్వాతం, ఇందులో ఎవరి తప్పూ లేదు” అన్నాడు. ఆయన జన్మలో చెప్పిన అతి మంచి మాట అదే. ఎవరూ వినలేదు.

రెడ్డి నా వైపు చూశాడు. నేను దూలాల వైపు చూశాను. మాట ఇచ్చినవాడికి దూలాలకు మించిన దిక్కు లేదు. కోడలు లేచి వచ్చింది. ఏడవడం లేదు. బిడ్డను పెద్దమ్మ చేతిలో పెడుతూ, “పెద్దత్తా, బిగుసుకుంటే మడవండి. డాక్టరు సార్ సెప్పినాడు. మరిసిపోవాకండి” అంది. పెద్దమ్మ చేతులు చాచింది గానీ కళ్లు ఎత్తలేకపోయింది.

“డాక్టరప్పా” అన్నాడు రెడ్డి.

“చెప్పండి.”

“ఆ బిడ్డకు ముక్కు మీద తట్టి సూసినావు గదా. నాకూ తట్టు.”

పెద్దమ్మ, “వద్దురా!” అని అరిచింది.

“నువ్వు ఊరుకోక్కా. తట్టప్పా, ఇందరి ముందర్నే.”

ఆయన గోడ వదిలి, వరండా మధ్యకు వచ్చి నిలబడ్డాడు. నేను ఎదురుగా నిలబడి చూపుడు వేలు ఎత్తాను. ఆ తాలూకాలో ఆ ముక్కు మీద చెయ్యి వేసినవాడు అంతకుముందు ఎవడూ ఉండడు. తట్టాను. తల గభాలున వెనక్కి పోయింది. తలపాగా ఎగిరి పెద్ద డాక్టరు కాళ్ల దగ్గర పడింది. కర్ర లేకపోతే రెడ్డీ పడేవాడే.

కర్రలు పట్టుకున్న నలుగురూ ఎటు చూడాలో తెలియక జీపు టైర్లు చూశారు.

“నాది బావా ఆ రోగం” అన్నాడు రెడ్డి, ఊపిరి తీసుకుని. “మా నాయనకూ ఉన్నిందేమో, ఆయప్ప సెప్పల్యా. నీ కూతురి పాలల్లో ఏమీ ల్యా.”

వియ్యంకుడు దగ్గరికొచ్చాడు. తల ఒకవైపు వాల్చి రెడ్డి ముక్కును ఎద్దును బేరం చేసేవాడిలాగా పరీక్షగా చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“ఇంగొకసారి కొట్టు డాక్టరప్పా. నేను సరిగ్గా సూడల్యా.”

నేను వేలు వెనక్కి తీసుకున్నాను. రెడ్డి ఆయన్ను ఎగాదిగా చూశాడు. “నువ్వే కొట్టుకో పో” అన్నాడు.

వియ్యంకుడు కొట్టాడు. తల వెనక్కి పోయింది. ఇంకోసారి కొట్టాడు. “ఓయబ్బో” అన్నాడు సంబరంగా. ముందు డ్రైవరు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు, చివరికి రెడ్డి కూడా నవ్వాడు. ఆ నవ్వుల చప్పుడుకు పెద్దమ్మ చేతుల్లో ఉన్న బిడ్డ బిగుసుకుపోయాడు.

నేను అడుగు వేసేలోపే ఆమె కూర్చుంది. బిడ్డను ఒళ్లో వేసుకుంది. ఆ అరవై ఏళ్ల చేతులు ఎక్కడా తడబడలేదు. తల ఇటు నుంచి, కాళ్లు అటు నుంచి, మెత్తగా మడిచింది. పెదాల మీది నీలం పోయి ఎరుపు వచ్చింది. బిడ్డ కళ్లు తెరిచి నోరు అటూ ఇటూ తిప్పాడు, దేనికోసమో అందరికీ తెలుస్తూనే ఉంది.

పెద్దమ్మ తలెత్తి కోడలిని చూసింది.

“ఏందట్ల నిలబడుకున్యావు? ఆకలైతాంది వానికి, రా.” తర్వాత మగవాళ్ల వైపు తిరిగింది. “మీకేం పనిరా ఈడ? పోండి అవతలికి, బిడ్డ పాలు తాగల్ల. సప్పుడు సెయ్యాకండి.”

రెడ్డి తలపాగా తీసుకుని, అందరికంటే ముందు, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు.